సోమాజిగూడలో పడమటి గోడ

ప్రత్యేక సంచికకు మన బ్యాంకు భవనాల చరిత్ర రాసిపెట్టమని కార్యదర్శి గారు నన్ను అడిగి మూడు నెలలయింది. మొదట కంటి ఆపరేషను వంక చెప్పి తప్పించుకున్నాను. ఇంతలో సోమాజిగూడలోని మన పాత కార్యాలయాన్ని పడగొట్టి అదే స్థలంలో 'హరిత భవనం' కట్టే ఆలోచన ఉన్నదనీ, రిటైరైన వాళ్లు కూడా తమ అభిప్రాయాలు రాసి పంపవచ్చుననీ ఉత్తరం వచ్చిందని తెలిసింది. ఇక తప్పించుకోవడం బాగుండదనిపించింది. ఎందుకంటే ఆ భవనానికి పడమటి వైపున్న వరండా మూసేసి అద్దాల గోడ పెట్టవచ్చునని సిఫారసు చేస్తూ ఫైలులో నోటు రాసినవాణ్ణి నేనే. ఆ సంగతి దాచుకుని చరిత్ర రాయడం కుదరదు. అయితే దానికంటే ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి.

సోమాజిగూడ పేరు గురించి పెద్దలు చెప్పే మాట ఒకటుంది. నిజాం కాలంలో రెవెన్యూ శాఖలో పనిచేసిన సోనాజీ అనే ఉద్యోగి ఇక్కడ ఉండేవాడట. ఆయన పేరు మీద సోనాజీగూడ అయి, నోళ్లలో నలిగి నలిగి సోమాజిగూడ అయిందట. నిజమెంతో గానీ, ఒక సర్కారు ఉద్యోగి పేరు మీద పేట వెలిసిందంటే మనబోటి వాళ్లకు ముచ్చటగానే ఉంటుంది. నేను 1969లో, బ్యాంకుల జాతీయీకరణ జరిగిన సంవత్సరమే, గుమాస్తాగా చేరినప్పుడు ఈ ప్రాంతం ఊరికి ఓ మూల. కాంపౌండు గోడలు, వాటి మీంచి తొంగిచూసే మామిళ్లు, చింతలు, వేపలు. వాటి వెనక ఎక్కడో ఓ బంగళా. మధ్యాహ్నం పూట రాజ్‌భవన్ రోడ్డులో సైకిల్ తొక్కుతుంటే సగం దూరం నీడలోనే పోయేవాళ్లం.

ఆ రోడ్డు మీదనే ఉంది బెల్లా విస్టా. పేరు ఇటలీ వాళ్లది, అందమైన దృశ్యం అని అర్థం. హుస్సేన్ సాగర్ వైపు చూపున్న భవనం గనుక ఆ పేరు పెట్టారు. బేరార్ యువరాజు నివాసంగా ఉండి, 1956లో ఏర్పడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి నెలవైంది. మన అధికారుల్లో చాలామంది శిక్షణకు అక్కడికి వెళ్లొచ్చిన వారే. వెళ్లొచ్చిన వాళ్లు పాఠాల కంటే ఆ చెట్ల గురించి, ఆ వరండాల గురించి ఎక్కువ చెప్పేవారు. ఇంకొంచెం ముందుకు వెళితే, పంజాగుట్ట దాపున గుట్ట మీద ఎర్రమంజిల్. నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించుకున్న మహలు. ఆయన పెట్టిన పేరు ఇరం మంజిల్, అంటే స్వర్గధామం. మన తెలుగువాళ్ల చెవికి 'ఇరం' కాస్తా 'ఎర్ర' అయింది. ఇవాళ మెట్రో స్టేషను బోర్డు మీద కూడా ఆ పేరును ఎవరికి తోచినట్టు వారు చదువుకుంటున్నారు.

ఈ బంగళాలు కట్టిన మేస్త్రీలకు హరిత భవనం అనే మాట తెలియదు. ఎండ తెలుసు. హైదరాబాదులో 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైంది. ఇప్పటికీ మన ఊరి రికార్డుగా చెప్పుకొనేది అదే. అలాంటి ఎండలోనూ రెండడుగుల మందం రాతిగోడ, డంగుసున్నం, పదిహేనడుగుల ఎత్తు కప్పు ఉన్న గదిలోకి అడుగుపెడితే ఒళ్లు చల్లబడేది. దీనిలో మాయ ఏమీ లేదు. మందపు గోడ గుండా వేడి నెమ్మదిగా పాకుతుంది. మధ్యాహ్నం గోడకు తగిలిన ఎండ లోపలి వైపుకు చేరేసరికి రాత్రి అవుతుంది. ఇంటికైతే అది కొంత ఇబ్బందే, అందుకే వేసవి రాత్రుళ్లు జనం డాబా మీద పక్కలు వేసుకునేవారు. ఆఫీసుకు మాత్రం అంతకంటే కావలసిందేముంది? వేడి లోపలికి వచ్చేసరికి మనం తాళం వేసుకుని ఇంటికి పోయి ఉంటాం. కప్పు దగ్గర వెంటిలేటర్లు ఉండేవి. వేడిగాలి పైకి పోయి వాటిలోంచి బయటపడేది. పడమటి వైపు వరండా, వరండాకు వట్టివేళ్ల తడికెలు, వాటి మీద గంటకోసారి నీళ్లు చల్లే మనిషి. ఇంతే సరంజామా.

బ్యాంకులు కూడా ఈ ఊళ్లో అలాంటి గోడల మధ్యనే పుట్టాయి. హైదరాబాదు స్టేట్ బ్యాంకు 1941లో చేసిన చట్టం కింద ఏర్పడి, 1942 ఏప్రిల్ 5న గన్‌ఫౌండ్రీలో వ్యాపారం మొదలుపెట్టింది. ఉస్మానియా సిక్కా వ్యవహారం చూసింది ఆ బ్యాంకే. గన్‌ఫౌండ్రీ అంటే తోప్ కా సాంచా, ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోతపోయించిన చోటు. ఫిరంగుల కొలిమి పక్కన ఖజానా వెలిసిందన్న మాట. 1956లో అది స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది, 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. కోఠీలో రెసిడెన్సీ పక్కన బ్యాంక్ స్ట్రీట్ అని వీధికే పేరు నిలిచింది. ఇటు కోస్తాలో చూస్తే, డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకును 1923 నవంబరులో బందరులో స్థాపించారు. బందరు వాళ్లకు ఎండతో పాటు ఉప్పుగాలి, తుపాను కూడా ఉన్నాయి. ఆ బ్యాంకు కూడా తరువాత హైదరాబాదు చేరి, సైఫాబాదులో పట్టాభి గారి పేరుతోనే పెద్ద భవనం కట్టుకుంది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఇలా బోర్డులు మారిపోయిన ప్రతిచోటా ఒక ప్రశ్న మిగిలింది. రెండు మూడు బ్యాంకులు ఒకటైనప్పుడు మిగిలిపోయిన భవనాలను ఏం చేయాలి? ఈ ప్రశ్నకు మళ్లీ వస్తాను.

నా మొదటి బ్రాంచి సుల్తాన్ బజారు దాపున అద్దెకు తీసుకున్న ఓ పాత దేవిడీలో ఉండేది. మధ్యలో చౌకు, చుట్టూ వసారాలు. చౌకులో బావి. లెడ్జర్లు ఉండే గది ఉత్తరాన, క్యాషు దక్షిణాన. ఫ్యాన్ల కింద వోచర్లు ఎగిరిపోకుండా గులకరాళ్లు బరువు పెట్టేవాళ్లం. పెన్షన్ల రోజున, అప్పుడు పెన్షనర్లంటే నిజాం కొలువు చేసి దిగిపోయిన ముసలివారు, షేర్వానీలతో వచ్చి వసారాలో బల్లల మీద కూర్చునేవారు. టోకెను నంబరు పిలిచేదాకా అక్కడే కబుర్లు. వాళ్లలో ఒకాయన నాతో ఓసారి అన్నాడు, "బేటా, ఇక్కడికి వచ్చేది డబ్బు కోసం కాదు, ఈ నీడ కోసం". అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, ఆ మాట పట్టించుకోలేదు.

సోమాజిగూడలో మన సొంత భవనం 1970ల చివర లేచింది. ఇది రాతి కట్టడం కాదు, కాంక్రీటు చట్రం, ఇటుక గోడలు. అయినా దాన్ని గీసిన ఇంజనీరు పాతకాలపు మనిషి. రోడ్డు పడమరన ఉండటంతో ముఖద్వారం అటే పెట్టక తప్పలేదు. అందుకని ఆ వైపున మూడంతస్తులకూ ఎనిమిదడుగుల వెడల్పు వరండా ఇచ్చాడు. ఎండ ముందు వరండాకు తగలాలి, ఆ తరువాతే గోడకు. కింద వరండాలో సిమెంటు దిమ్మెలు. తాండూరు రాయి పరిచిన నేల. ముందు ఒక వేపచెట్టు. వేసవిలో కూడా సాయంత్రం నాలుగింటికి హాలులో ఫ్యాన్లతో పని జరిగిపోయేది. చెమట పట్టేది, నిజమే. కానీ ఎవరూ కళ్లు తిరిగి పడిపోలేదు.

ఆ తరువాత కంప్యూటర్లు వచ్చాయి. రంగరాజన్ కమిటీ 1984లో ఒకసారి, 1989లో మరోసారి నివేదికలు ఇచ్చింది. మొదట లెడ్జర్ పోస్టింగు యంత్రాలు, ఆపైన పూర్తి కంప్యూటరీకరణ. మన సభ్యులకు 1993 అక్టోబరు 29 గుర్తుండే ఉంటుంది. పెన్షను ఒప్పందం మీద సంతకాలయిన రోజు. కంప్యూటరీకరణ మీద ఒప్పందం కూడా ఆ రోజుదే. మనకు పెన్షను, యంత్రాలకు ఏ.సి. రెండూ కవలపిల్లల్లా వచ్చాయి. హాస్యానికి అనడం లేదు. ఈ ఊళ్లో బ్యాంకు గుమాస్తా మొదటిసారి చల్లగాలి పీల్చింది తన కోసం కాదు, సర్వరు వేడెక్కిపోకూడదని. మాకు చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లమనేవారు.

1994లో 'ఆధునికీకరణ' ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. అప్పటికి మూడేళ్లుగా నేను ప్రెమిసెస్ విభాగంలో ఉన్నాను. కంప్యూటరు గదికి చోటు కావాలి, మేనేజరుకు క్యాబిన్ కావాలి, ముఖ్యంగా భవనం 'కొత్తగా' కనిపించాలి. ఆర్థిక సంస్కరణల రోజులు. కొత్త ప్రైవేటు బ్యాంకులు రాబోతున్నాయి, వాటి ముందు మనం పాతచింతకాయ పచ్చడిలా కనిపించకూడదని అందరికీ ఆరాటం. నేను కొలతలు తీసి నోటు రాశాను. "పడమటి వరండాలు మూడు అంతస్తులూ కలిపి సుమారు 1,550 చదరపు అడుగులు. ఈ స్థలం ఎట్టి వినియోగమూ లేక వృథాగా ఉన్నది. దీనిని మూసివేసి వెలుపల అద్దములు అమర్చినచో స్థలము కలిసివచ్చుటయేగాక భవనమునకు శోభ చేకూరును." వినియోగం లేదట! రోజూ పొద్దున పదిమంది ముసలివాళ్లు కూర్చునే దిమ్మెలు నా కళ్లెదుటే ఉన్నాయి. వాళ్లు నా లెక్కలో చదరపు అడుగుల కిందికి రాలేదు.

నోటు మంజూరై వచ్చింది. రంగు అద్దాలు బిగించారు. జనరేటరుకు చోటు కోసం వేపచెట్టు కొట్టేశారు. ప్రారంభం నాడు ఫోటో దిగాం, అందులో నేనూ ఉన్నాను, మొదటి వరసలో.

తరువాత జరిగింది ఆ భవనంలో పనిచేసిన వాళ్లందరికీ తెలుసు. మధ్యాహ్నం రెండు దాటితే అద్దం వెంబడి ఉన్న బల్లల దగ్గర ఎవరూ కూర్చోలేకపోయేవారు. ఎండ పడకుండా బ్లైండ్లు దించారు. బ్లైండ్లు దించితే చీకటి. చీకటికి ట్యూబులైట్లు. ట్యూబులైట్ల వేడికి ఏ.సి. ఇంకాస్త పెంచారు. కరెంటు పోతే తెరవడానికి ఒక్క కిటికీ లేదు. జనరేటరు అందుకునే లోపల సిబ్బంది, ఖాతాదారులు అందరూ రోడ్డు మీద. నేను రిటైరయ్యాక, అంటే 2008 తరువాత, తీరిక దొరికి ఓ రోజు కాగితం మీద లెక్క వేశాను. అద్దం గోడ పొడవు 20 మీటర్లు, ఎత్తు 10 మీటర్లు, వెరసి 200 చదరపు మీటర్లు. మే నెల సాయంత్రం ఎండ రంగు అద్దం గుండా చదరపు మీటరుకు సుమారు 400 వాట్లు లోపలికి దిగుతుందనుకుంటే, మొత్తం 80 కిలోవాట్లు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు 80 ఆ గోడ వెంబడి పేర్చి, అన్నీ ఒక్కసారి స్విచ్ వేసినట్టు. దాన్ని బయటికి తోడిపోయడానికే దాదాపు 23 టన్నుల ఏ.సి. కావాలి. 1,550 చదరపు అడుగులు కలిసివచ్చాయని సంబరపడ్డ మనిషి ఈ లెక్క 1994లో ఎందుకు వేయలేదంటే, ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు. కరెంటు బిల్లు వేరే విభాగం కట్టేది.

సూర్యుడి సంగతి ఇంకొకటి చెప్పాలి. ఉత్తరాది పుస్తకాలు, పడమటి దేశాల పుస్తకాలు చదివిన వాళ్లు ఉత్తరపు గోడకు ఎండ సోకదని, అటు ఎంత అద్దం పెట్టినా ఫరవాలేదని అంటారు. హైదరాబాదు పదిహేడున్నర డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. ఏటా మే 9 ప్రాంతంలోనూ, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలోనూ మిట్టమధ్యాహ్నం నిలువు స్తంభానికి నీడ ఉండదు. ఆ రెండు తేదీల మధ్య సూర్యుడు మనకు ఉత్తరంగానే ఉంటాడు. అంటే సరిగ్గా ఎండలు మండే రోజుల్లోనే ఉత్తరపు కిటికీకి కూడా సజ్జా కావాలి. పాత బంగళాలకు నాలుగు వైపులా వసారా ఉండేది నవాబుల దర్పం కోసమనుకునేవాణ్ణి.

నీళ్ల విషయంలో మాకు బుద్ధి 2000 సంవత్సరంలో వచ్చింది. ఆ ఏడే ప్రభుత్వం 'నీరు–మీరు' మొదలుపెట్టి ఊరూరా ఇంకుడుగుంతలు తవ్వమంటోంది. మేం కాంపౌండు అంతా సిమెంటు చేసి పార్కింగుకు గీతలు గీసుకున్నాం. ఆగస్టు 24న ఒక్కరోజులో దాదాపు 24 సెంటీమీటర్ల వాన పడింది. సోమాజిగూడ నేల వాలు హుస్సేన్ సాగర్ వైపు. నాలాలు పొంగాయి. మా సెల్లారులో పాత లెడ్జర్లు ఉండేవి, 1970ల నాటివి, కొన్ని నా చేతిరాతవి. నీళ్లు తోడించి, లెడ్జర్లను డాబా మీద విప్పి ఆరబెట్టాం. సిరా కరిగి పేజీలన్నీ నీలిమబ్బుల్లా అయిపోయాయి. ఈ ఊళ్లో ఏడాదికి సగటున 80 సెంటీమీటర్ల వాన. వెయ్యి చదరపు మీటర్ల కప్పు మీద పడేది ఎనిమిది లక్షల లీటర్లు. దాన్ని రోడ్డు మీదికి వదిలేసి, నెలకిన్ని ట్యాంకర్లని బిల్లులు పాస్ చేసిన సంతకం కూడా నాదే.

2004లో ఒక మంచి పని జరిగింది. మాదాపూర్ వైపు, హైటెక్ సిటీ దాటాక, సి.ఐ.ఐ. – సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ వెలిసింది. ఆ ఏడాది జూలై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు దాన్ని ప్రారంభించారు. అమెరికా వాళ్ల లీడ్ పద్ధతిలో ప్లాటినం గుర్తింపు పొందిన భవనాల్లో అమెరికా బయట ఇదే మొదటిది. 69 మార్కులకు 56 వచ్చాయి. రూపకల్పన చేసింది వడోదరకు చెందిన కరణ్ గ్రోవర్. మా విభాగం నుంచి నలుగురం చూడ్డానికి వెళ్లాం. ఏవో విదేశీ యంత్రాలు చూస్తామనుకుంటే, అక్కడ కనిపించినవి గుండ్రటి చౌకు, జాలీ గోడలు, కప్పు మీద తోట, గాలి గోపురాలు. గోపురం పైనుంచి దిగే గాలిని ముందే చల్లబరచి ఏ.సి.కి పంపుతారు. వాడిన నీటిని మొక్కల వేళ్ల మధ్య పారించి శుభ్రం చేసి మళ్లీ వాడతారు. పగటిపూట చాలా బల్లల దగ్గర లైటు అక్కరలేదు. మాతో వచ్చిన సీనియరు అటెండరు చౌకులో నిలబడి చుట్టూ చూసి, "సార్, ఇది మన సుల్తాన్ బజారు బ్రాంచే కదా, బావి ఒక్కటే తక్కువ" అన్నాడు. నలుగురు ఆఫీసర్లకు తట్టనిది ఆయనకు తట్టింది.

బ్యాంకుల్లో ఈ పని ముందుగా చేసి చూపించిన వాళ్లలో ఒకటి ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఎన్.ఎం.బి. బ్యాంకు. అదే తరువాత ఐ.ఎన్.జి. అయింది. 1987లో పూర్తయిన దాని ప్రధాన కార్యాలయానికి వాస్తుశిల్పి టాన్ ఆల్బర్ట్స్. పది చిన్న గోపురాలు వంకరగా కలిపిన భవనం. కట్టే ముందు సిబ్బందిని కూర్చోబెట్టి అడిగారు. కిటికీకి ఏడు మీటర్లకు మించిన దూరంలో ఎవరి బల్లా ఉండకూడదని పట్టుపట్టి కట్టారు. పాత కార్యాలయంతో పోలిస్తే కరెంటు, ఇంధనం ఖర్చు పదో వంతుకు పడిపోయిందనీ, సిబ్బంది సెలవులు పెట్టడం 15 శాతం తగ్గిందనీ దాని గురించి రాసిన వాళ్లందరూ చెబుతారు. సెలవుల సంగతి విని మన యూనియన్ మిత్రులు నవ్వుకోవచ్చు. జనం దానికి 'ఇసుక కోట' అని ముద్దుపేరు పెట్టుకున్నారు. బ్యాంకు ఖాళీ చేశాక కూడా దాన్ని పడగొట్టలేదు, ఇళ్లుగా మార్చారు. 1997లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కామర్స్ బ్యాంకు 56 అంతస్తుల మేడ కట్టి, అంత ఎత్తులోనూ తెరుచుకునే కిటికీలు పెట్టింది, మధ్యమధ్య తోటలు పెంచింది. యాభై ఆరో అంతస్తులో కిటికీ తెరుచుకుంటుంటే మన మూడో అంతస్తులో ఎందుకు తెరుచుకోదో నాకు బోధపడలేదు.

ఆపైన నిబంధనలు వచ్చాయి. ఇంధన పొదుపు చట్టం 2001లో, భవనాల ఇంధన నియమావళి 2007లో. రిజర్వు బ్యాంకు 2007 డిసెంబరులో సుస్థిర అభివృద్ధిలో బ్యాంకుల పాత్ర గురించి సర్క్యులరు పంపింది. మాసాబ్ ట్యాంకులోని ఐ.డి.ఆర్.బి.టి. 2013లో హరిత బ్యాంకింగు మీద పుస్తకమే వేసింది. ఉమ్మడి రాష్ట్రం 2014 జనవరిలో ఇంధన నియమావళిని పెద్ద వాణిజ్య భవనాలకు వర్తింపజేసింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చింది. కప్పుకు తెల్ల పూత వేయాలన్నది అందులోని ముఖ్య సంగతి. ఏటా ఉగాదికి ముందు డాబాకు సున్నం కొట్టించిన మా నాన్నగారు ఉంటే ఏమనేవారో!

ఇక ప్రస్తుతం. కొత్త భవనం గురించి సంఘానికి చూపించిన బొమ్మలో ఆరు అంతస్తులు, రెండు సెల్లార్లు, మళ్లీ పడమరన అద్దం ఉన్నాయి. ఈసారి రెండు పొరల అద్దమట. అది వేడిని చాలావరకు ఆపుతుంది, కాదనను. కప్పు మీద సౌర పలకలు, ద్వారం దగ్గర గుర్తింపు ఫలకానికి చోటు కూడా చూపించారు. అద్దం మీద పడిన ఎండను ఆపడానికి డబ్బు పెట్టడం కంటే, ఎండ అద్దం దాకా రాకుండా ఆపడం చవక అని మాత్రం నా అనుభవం. సెల్లార్ల గురించి చెప్పనక్కరలేదు, లెడ్జర్ల కథ చదివారు కదా. 2018 సెప్టెంబరు నుంచి పంజాగుట్ట, ఎర్రమంజిల్ స్టేషన్ల మీదుగా మెట్రో నడుస్తోంది. వంద కార్లకు గొయ్యి తవ్వే ముందు ఆ సంగతి ఎవరైనా గుర్తుచేయాలి.

అసలు పడగొట్టడం అవసరమా అన్నది నా మొదటి ప్రశ్న. ఆ చట్రంలో పోసిన సిమెంటు, ఉక్కు తయారవడానికి కాల్చిన బొగ్గు ఎప్పుడో కాలిపోయింది. పడగొడితే ఆ ఖర్చంతా బూడిద, పైగా కొత్తదానికి మళ్లీ కాల్చాలి. హరిత భవనం అనే పేరు పెట్టుకున్న వాళ్లు ఈ పద్దు రాయకుండా ఖాతా మూయకూడదు. లెడ్జర్లు పోయాయి, కౌంటర్లు సగమయ్యాయి, విలీనాలతో స్థలం మిగులుతోంది. ఆరు అంతస్తులు ఎవరి కోసం? 2019 జూన్‌లో ఎర్రమంజిల్ పడగొట్టి శాసనసభ కట్టాలని మంత్రివర్గం నిర్ణయిస్తే, ఆ సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. మన భవనం ఎర్రమంజిల్ కాదు, దానికోసం ఎవరూ కోర్టుకు వెళ్లరు. యాభై ఏళ్లు కూడా నిండని కాంక్రీటు పెట్టె. అందుకే మనమైనా నాలుగు మాటలు రాయాలి.

నేను పంపిన ఉత్తరంలో రాసినవి ఇవి. ముందు చట్రం గట్టిదనాన్ని పరీక్ష చేయించండి. గట్టిగా ఉంటే అద్దాలు ఊడదీసి వరండాను మళ్లీ తెరవండి. గోడకు కిటికీలు పెట్టండి, తెరుచుకునేవి. ఫ్యాన్లు తిరుగుతుంటే ఏ.సి. 26 దగ్గర ఉన్నా చాలు. కప్పుకు తెల్ల పూత, దాని నీడకు పలకలు. వాననీరు ముందు సంపులోకి, మిగిలింది ఇంకుడుగుంతలోకి. కాంపౌండులో సిమెంటు తీసి తాండూరు రాళ్లు మట్టి మీద పరవండి, సందుల్లో గడ్డి మొలిచినా ఫరవాలేదు. చట్రం పనికిరాదని తేలితే కొత్తదే కట్టండి, కానీ ఇవే షరతులు. ఫలకం మొదటి ఏడు ఇస్తారు గనుక, మూడో ఏటి కరెంటు బిల్లును ద్వారం దగ్గర అంటించండి.

ఇంకొకటి కూడా రాశాను, ఇది ఇంజనీరింగు కాదు. 2014 నుంచి జీవన్ ప్రమాణ్ వచ్చి, జీవించి ఉన్నామన్న ధ్రువపత్రం ఫోనులో ఇచ్చే వీలు కలిగింది. అయినా ప్రతి నవంబరులో మనలో చాలామంది స్వయంగానే వెళుతున్నాం. వేలిముద్రలు అరిగిపోయిన వాళ్లున్నారు, ఫోను చేతకాని వాళ్లున్నారు, నలుగురిని చూడాలని వెళ్లే వాళ్లున్నారు. కిందటి నవంబరులో నేను వెళ్లినప్పుడు లోపల కుర్చీలు నిండిపోయి, ఒక పెద్దావిడ, మన సహోద్యోగి భార్య, ఫ్యామిలీ పెన్షనరు, అద్దం గోడకు ఆనుకుని బయట ఎండలో నిలబడి ఉంది. సరిగ్గా ఆ చోటనే ఒకప్పుడు సిమెంటు దిమ్మె ఉండేది. ఆవిడకు ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు. కొత్తదైనా పాతదైనా, కింది అంతస్తులో పడమటి నీడన ఇరవైమంది కూర్చునే చోటు, పక్కనే మరుగుదొడ్డి, మెట్లు లేని దారి ఉండాలని రాశాను.

ఉత్తరం అందినట్టు రసీదు వచ్చింది. పరిశీలిస్తామన్నారు. పాత వరండా నక్షాలు ఉంటే పంపమని కూడా అడిగారు, అది మంచి సూచనగానే తీసుకున్నాను. కానీ అసలు నక్షాలు 2000 ఆగస్టు వానలో లెడ్జర్లతో పాటే పోయాయి. కాబట్టి సభ్యులకు నా మనవి. 1994కు ముందు ఆ భవనం ముందు దిగిన ఫోటోలు, వీడ్కోలు సభలవి గానీ, ఆగస్టు 15 జెండా వందనాలవి గానీ, ఎవరి ఇంట్లోనైనా ఉంటే సంఘం కార్యాలయానికి పంపండి. కాపీ తీసుకుని అసలుది తిరిగి ఇచ్చేస్తాం. మనుషులు స్పష్టంగా లేకపోయినా ఫరవాలేదు, వెనకాల వరండా కనిపిస్తే చాలు. కింది అంతస్తులో స్తంభాలు ఆరా, ఏడా అన్నది నాకూ, మా పాత హెడ్ క్యాషియరు గారికీ ఇంకా తెగలేదు.